నాయనను నడిపించిన దరువు

నాగ్‌పాడా బస్టాపు వెనక సందులో పొద్దున్నే ఎవరో రేకు మీద సుత్తితో కొడుతుంటారు. ఒకే తీరున, తొందర లేకుండా. ఆ చప్పుడు చెవిన పడితే చాలు, పనికి ఆలస్యమవుతున్నా సరే, నా నడక దానితో కలిసిపోతుంది. అప్పుడు సాయన్న కాక గుర్తుకొస్తాడు.

కామాటిపురలో ఒంటిగదుల వరసలున్న మా చాల్‌లోనే, మా పక్క ఖోలీలో ఉండేవాడు. పగలు గోడలకు రంగులు వేసేవాడు. బోనాలకూ, పెళ్లిళ్లకూ, చావులకూ డప్పు కొట్టేవాడు. నాయనకు సొంత తమ్ముడికంటే ఎక్కువ. మాట తక్కువ, మొండితనం ఎక్కువ. చావుకు పోయొచ్చిన రోజు డప్పును మెట్ల కిందే పెట్టేవాడు తప్ప, ఎంత వాన పడినా పైకి తెచ్చేవాడు కాదు.

నాయనకు వణుకుడు జబ్బు ముదిరాక చేతులకంటే కాళ్లే మోసం చేశాయి. గడప దగ్గరికి రాగానే పాదాలు నేలకు అతుక్కుపోయేవి. గదుల ముందున్న గ్యాలరీ చివర అందరికీ కలిపి ఉన్న పాయిఖానా దాకా వెళ్లాలన్నా నేనూ అమ్మా చెరో రెక్కా పట్టుకోవాల్సి వచ్చేది. బిందెలతో ఎదురొచ్చిన ఆడవాళ్లు పక్కకు తప్పుకుంటుంటే తల దించుకునేవాడు. ఆ అవమానం పడలేక నీళ్లు తాగడమే మానేశాడు. నాకు దుఃఖంకంటే కోపం ఎక్కువగా వచ్చేది. ఎవరి మీదో మాత్రం తెలిసేది కాదు.

నిలకడగా వినిపించే చప్పుడుకు తగ్గట్టు అడుగులు వేయించమని ఆస్పత్రిలో వ్యాయామం చేయించే అమ్మాయి చెప్పింది. ఫోన్‌లో టిక్ టిక్‌మనేది ఒకటి పెట్టి ఇచ్చింది. అక్కడి వరండాలో నాయన దానికి బాగానే నడిచాడు. మా గ్యాలరీలో టీవీల, కుక్కర్ల గోలలో అది ఆయనకు వినబడనే లేదు. మళ్లీ వెళ్లి అడిగితే, ఆయనకు బాగా అలవాటైన దరువు ఏదైనా పరవాలేదంది.

కాకకు చెప్పాను. ఆదివారం డప్పు తీసుకుని మా గడప ముందు నిలబడ్డాడు. బోనాల దరువుకు నాయన కాళ్లు తొందరపడి తూలాయి. పెళ్లి దరువుకు అసలు కదలలేదు. కాక డప్పు పక్కన పెట్టేసి, గ్యాలరీ కర్ర రెయిలింగు మీద వేళ్లతో మెల్లగా ఇంకొకటి మొదలుపెట్టాడు. నాయన కుడికాలు లేచి గడప దాటింది.

అది శవం ముందు కొట్టే దరువు. చాల్‌లో ఎవరు పోయినా పాడె మోయడానికి ముందుండే మనిషి నాయన. ఆ దరువుతో అడుగు కలపడం ఆయన కాళ్లు మరిచిపోలేదు.

ఎవరు పోయారంటూ పక్క ఖోలీల వాళ్లు బయటికి వచ్చారు. అమ్మ కాక చెయ్యి పట్టుకుంది.

"బతికున్న మనిషికి గీ దరువేంది సాయన్నా? బంద్ చెయ్యి."

కాక వేళ్లు ఆగాయి. నాయన కూడా అక్కడే ఆగిపోయాడు. వెనక్కి తిరగలేక, ముందుకే చూస్తూ అన్నాడు:

"నన్ను మోస్కపోతలేరు గదనే. నేనే నడుస్తున్న. కొట్టనియ్యి."

అమ్మ ముఖం తిప్పుకుంది గాని మళ్లీ అడ్డు చెప్పలేదు. నాయన గ్యాలరీ చివరిదాకా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వెళ్లాడు. తిరిగొచ్చి చెంబెడు నీళ్లు తాగాడు.

తను పనికి పోయిన వేళల్లో ఇబ్బంది కాకూడదని కాక నాకూ ఆ దరువు నేర్పాడు. నేను తొందరపడితే నా వేళ్ల మీద అరచెయ్యి పెట్టి ఆపేవాడు. "నీ కాళ్లకు కాదు బిడ్డా, అన్న కాళ్లకు కొట్టు" అనేవాడు. ఇప్పుడు నేను ఇళ్లలో ముసలివాళ్లను చూసుకునే పని చేస్తున్నాను. ఒక్కోసారి విసుగొచ్చి, ముద్ద మింగకముందే ఇంకో ముద్ద అందించబోతాను. కాక మాట నా చేతిని ఆపుతుంది.

నాయన పోయిన రోజు పాడె దగ్గర అందరూ కాక వైపు చూశారు. డప్పు భుజానికే ఉంది, చెయ్యి లేవలేదు.

"గా దరువుకు అన్న నడుస్తడు" అన్నాడు. "మోసేటప్పుడు నేనెట్ల కొట్టాలె?"

డప్పు తీసి నాకిచ్చి పాడె కింద భుజం పెట్టాడు. చప్పుడు లేకుండానే నాయనను తీసుకుపోయారు.

కాక కూడా ఇప్పుడు లేడు. మా చాల్ కింద ఫాక్‌లాండ్ రోడ్డు మీద ఆ దరువు వినబడితే, ఎవరో పోయారనుకుంటూ జనం కిటికీల దగ్గరికి వస్తారు. నేను మాత్రం వెళ్లి తలుపు తీస్తాను. నాకది గ్యాలరీ చివరినుంచి నాయన తిరిగొస్తున్న చప్పుడు.