ఎర్రకాలు, పచ్చకాలు

మా అమ్మాయి కొన్న కొత్త జీన్స్‌కి పక్కల్లో రంగుగుడ్డ అతుకులు చూడగానే బిలాస్‌పూర్ రైల్వే కాలనీ గుర్తొచ్చింది.

చిన్నప్పుడు నా జీన్స్ బిగుతైతే అమ్మ పక్కకుట్లు విప్పి, రైలు గార్డైన నాన్న పాత జెండాలు కత్తిరించి అతికించింది. ఎడమకాలికి పచ్చ, కుడికాలికి ఎరుపు. ట్యూషన్‌కి రైలుపట్టాల పక్కదారిన వెళ్ళేటప్పుడు పచ్చకాలే పట్టాలవైపు ఉండేది, ఫరవాలేదు. వచ్చేటప్పుడు ఎర్రకాలు చూసి బళ్ళు ఆగిపోతాయని దారంతా పచ్చకాలే అటు ఉండేలా వెనకడుగులేస్తూ నడిచేదాన్ని.

ఒకరోజు డ్యూటీ దిగి వస్తూ నాన్న చూశాడు.

“ఏటే, ఎనక్కి నడుస్తన్నావు?”

సంగతి చెప్పాను.

“అచ్ఛా! అందుకేనేటి, ఇయ్యాల నా బండి టయానికొచ్చీసింది!”

నవ్వెలా ఆపుకున్నాడో ఇప్పటికీ తెలీదు. ఆ జీన్స్ మళ్ళీ బిగుతయ్యేదాకా బిలాస్‌పూర్ బళ్ళన్నీ నేనే నడిపాను.