సంగమ్మ పంచిన లూపిన్ మొక్క

మా పెరట్లో ఉన్న ఒకే ఒక్క లూపిన్ మొక్క ఈ రోజు పోయింది. అది చలి కొండల్లో పూసే పువ్వు, మన బీదర్ ఎండకు ఆగదని అందరూ అన్నారు. ఇరవై గింజలు నానబెట్టి వేస్తే ఒక్కటే మొలిచింది. నిరుడు ఎండాకాలమంతా దాని మీద తడి గోనెసంచి నీడ పట్టి బతికించుకున్నాను. మొన్ననే ఊదా రంగు కంకి వేసింది.

పొద్దున పని మీద చిట్గుప్ప వెళ్లి సాయంత్రం వచ్చేసరికి మొక్క నిలువునా రెండుగా చీలి ఉంది. ఒక సగం మా మడిలో, ఇంకో సగం పక్కింటి సంగమ్మ కుండీలో వాలిపోయి ఉన్నాయి. ఆమే పారతో తవ్వి పంచిందట.

"అడగకుండ ఎందుకు తవ్వినవ్ సంగమ్మా?" అన్నాను.

"అంతా తీస్కపోయిననా అక్కా? సగం నీకే ఇడిశిపెట్టిన గద! పసుపు దుంపలు పంచుకుంటలేమా?" అంది, నేనేదో పిసినారినన్నట్టు.

పసుపు దుంపను ముక్క చేసినా మొలుస్తుంది. లూపిన్‌కు ఉండేది లోతుకు దిగే ఒకే తల్లివేరు. అది చీలితే రెండు సగాలూ చస్తాయి. ఎంత చెప్పినా ఆమెకు ఎక్కలేదు.

ఒక్క మాట మాత్రం ఆమెకు చెప్పలేదు. నెల కిందట తల్లివేరు తెగకుండా మొక్క మొదట్లోంచి ఒక పిలక కోసి ఇసుకలో నాటాను. ఇప్పుడు దానికి వేళ్లొచ్చాయి. సంగమ్మకు ఇద్దామనే నాటాను. ఇందాకే దాన్ని నీళ్ల తొట్టి వెనక దాచి వచ్చాను.

మీరైతే ఇస్తారా? నాకైతే చెయ్యి రావడం లేదు.