మంచం కింద బూడిద కుండ

ఇల్లు మారేటప్పుడు ఏది ఉంచాలో, ఏది పారేయాలో తెలియకపోతే నన్ను అడగండి. నేను చెప్పినదానికి సరిగ్గా తలకిందులుగా చేయండి, సుఖపడతారు. ఒక్క మధ్యాహ్నం పూట అత్తగారి ఆస్తినంతా గోడ అవతల పారబోసిన కోడల్ని నేను. పైగా ఆ పూట నా అంత తెలివైనది లేదని మురిసిపోయాను కూడా.

మా పుట్టిల్లు సింధనూరు దగ్గర కాలువ కింద పల్లె. మెట్టినిల్లు రాయచూరులో పెరడూ వసారా ఉన్న పాత ఇల్లు. మామగారు పోయాక దాన్ని అమ్మేశారు. మా ఆయనకి థర్మల్ కరెంటు కేంద్రంలో ఉద్యోగం కావడంతో అత్తగారు కాలనీలో మా రెండు గదుల క్వార్టర్స్‌కి వచ్చేశారు. ఆ ఇంటి సామానుని ఇక్కడ సర్దడమంటే ఏనుగుని అగ్గిపెట్టెలో పడుకోబెట్టడమే.

"ఇంత గంగాళం ఎందుకత్తయ్యా? ఇక్కడ కుళాయి ఉంది కదండీ."

"ఎవరికన్న ఇచ్చెయ్యి బిడ్డా."

"పందిరిమంచం గుమ్మంలోనే ఆగిపోతుందండీ."

"అమ్మెయ్యి."

ఆవిడ దేనికీ ఎదురు చెప్పలేదు. అది చూసి నాకు జాలి కలగాల్సింది. కలిగింది ఉత్సాహం. ఆఖరికి ఆవిడ ఒళ్లో ఒక చిన్న మట్టికుండ మిగిలింది, మూతికి గుడ్డ కట్టి ఉంది.

"అందులో ఏముందత్తయ్యా?"

"బూడిద. వానలు పడేదాంక ముట్టొద్దు" అని మంచం కిందికి జరిపారు.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. థర్మల్ పొగగొట్టాల పుణ్యమా అని మా కాలనీలో దేనికి కరువున్నా బూడిదకి లేదు. పొద్దున ఆరేసిన చీర మధ్యాహ్నానికల్లా విభూతి పెట్టుకునేది. మా వరసలో ఆడవాళ్లమంతా ఊడ్చి ఊడ్చి, ఆ బూడిదని వెనక గోడ అవతల ఖాళీ జాగాలో పోసేవాళ్లం. అలాంటి చోటికి కుండలో బూడిద మోసుకొచ్చిన మనిషిని ఏమనుకోవాలి? పెద్దతనం, చాదస్తం అనుకున్నాను.

ఆవిడ చంద్రబండలో పెళ్లికి వెళ్లిన రోజున గుడ్డ విప్పి చూశాను. పైన బూడిదే కనిపించింది. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, గోడ అవతల బోర్లించాను. కుండ కడిగి ఉల్లిపాయలు పోశాను. మంచం కిందికి ట్రంకుపెట్టె తోసి, "ఎంత చోటు కలిసొచ్చిందో చూశారా!" అని మా ఆయనకి గొప్పగా చూపించాను.

అత్తగారు పెళ్లి నుంచి రాగానే వంగి చూశారు.

"కుండ యాడ?"

"వంటింట్లో ఉందండీ. బూడిద పారబోశాను."

ఆవిడ నేలమీద కూలబడ్డారు. "అండ్ల బీరగింజలుండె బిడ్డా. పెండ్లయి వచ్చినప్పుడు మా అత్త నా చేతుల పెట్టింది. ఏటా పెడుతుంటి, ఏటా గింజ తీస్తుంటి. పురుగు పట్టొద్దని బూడిదల దాచుకుంటి."

మా పుట్టింట్లో విత్తనమంటే సింధనూరులో కొట్టుకెళ్లి కొనుక్కొచ్చేదే. బూడిదలో పోసిన పన్నీరని సామెత. నేను బూడిదతోపాటు పన్నీరునీ పారబోశాను.

"ఊకో అమ్మా, దుకాణంల కొత్త గింజలు తెస్త" అన్నారు మా ఆయన.

"అట్లనే దుకాణంల అమ్మను గూడ తెచ్చుకో!"

నేను చాట పట్టుకుని పరిగెత్తాను. బూడిద కుప్పలో బూడిదని వెతకడం ఎలాగో మీకు తెలిస్తే చెప్పండి. చెరిగి చెరిగి, గుప్పెడు నల్లటి గింజలు ఏరి విజయగర్వంతో తెచ్చాను. అత్తగారు వేళ్లతో నలిపి చూశారు.

"ఇవి బొగ్గులు బిడ్డా" అన్నారు.

ఇల్లు అమ్మినప్పుడు తడవని కళ్లు అప్పుడు తడిశాయి. మర్నాడు యాపలదిన్నిలో తన తమ్ముడింటికి బస్సెక్కుతూ అన్నారు: "మీ ఇంట్ల కుండంత జాగ గూడ నాకు లేకపాయె."

మంచం కింద బోలెడంత చోటు మిగిలింది. ఇంట్లో మాత్రం నాకు ఊపిరాడలేదు. ఆవిడ ఇక రారేమోనని నిజంగానే భయపడ్డాను.

వానలు పడ్డాయి. కొన్నాళ్లకి వెనకింటి మహబూబ్‌బీ గోడ మీంచి కేకేసింది.

"ఏ బెహన్! నేను గింజ పెట్టలే, నీళ్లు పొయ్యలే. నా గోడంత ఎట్ల పారిందో చూడు!"

చూశాను. మా బూడిద కుప్పలోంచి లేచిన బీరతీగలు ఆవిడ గోడ ఎక్కి ఇంటి రేకుల మీదికి పాకాయి. పచ్చటి ఆకుల నిండా కాయలు. అక్కడే నిలబడి ఏడ్చేశాను. పాపం, కాయలు అడగడానికి మొహమాటపడుతున్నాననుకుని మహబూబ్‌బీ ఒడి నిండా కోసి పోసింది.

అవి పట్టుకుని యాపలదిన్ని వెళ్లాను. అత్తగారు ఒక కాయ తీసుకుని ఈనె మీద గోరు పెట్టి, చిన్న ముక్క కొరికి చూశారు.

"ఇది నాదే. యాడ కాసింది?"

"మహబూబ్‌బీ గోడ మీదండీ. నేను పారబోసిన చోటే."

"మరి లేతవన్ని కోసుకొస్తివేంది? గింజకు ముదరనియ్యొద్దా?" అంటూ లేచి చేతిసంచి అందుకున్నారు. "పద పద. మిమ్మల్ని నమ్ముకుంటే తీగ గూడ మిగల్దు."

వచ్చేశారు. మళ్లీ ఎక్కడికీ వెళ్లలేదు. గింజలు ఎండిన రోజున నేను కుళాయిలో వచ్చే కృష్ణా నీళ్లు చేతిలోకి తీసుకుని, అందరూ వినేలా ప్రమాణం చేశాను: "ఈ జన్మలో బూడిదని చూసి బూడిదే అనుకోను. చెయ్యి పెట్టి అడుగుదాకా వెతకనిదే ఏ కుండా బోర్లించను."

"శానా మంచిది బిడ్డా" అని అత్తగారు నా తల నిమిరారు.

ఆ తర్వాత గింజల మీద బూడిద పోసి, కుండ మూతికి గుడ్డ కట్టి, చంకన పెట్టుకుని తిన్నగా వెళ్లి మహబూబ్‌బీ మంచం కింద దాచి వచ్చారు.