జూలై ఒకటిన పుట్టిన ఇరవై ముగ్గురు

మా నాన్న బడి రిజిస్టరులో ఇరవై ముగ్గురు పిల్లలు ఒకే తేదీన పుట్టారు. జూలై ఒకటి. ఆ ఊళ్ళో అప్పటికి ఉన్నవి పంతొమ్మిది ఇళ్ళు. ఈ లెక్క ఎవరికైనా వింతగా తోచిందా అంటే, నాకు తెలిసి తోచలేదు. తనిఖీకి వచ్చినవాళ్ళు కింద సంతకం పెట్టి, కోడికూర తిని కొండ దిగిపోయేవారు.

ఊరు ముంచింగిపుట్టు దాటాక మూడు గంటల నడక. అక్కడ మా నాన్న ఒక్కడే పంతులు. నేను పుట్టింది కూడా ఆ ఊళ్ళోనే. వానలకి గెడ్డలు పొంగి అమ్మ పురిటికి కిందికి దిగలేకపోయింది. 1963 ఆగస్టు పదిహేడు, శనివారం, సంత రోజు. గంట, నిమిషం సహా మా నాన్న పంచాంగం అట్ట లోపల రాసుకున్నాడు. బొడ్డు కోసింది ఆ ఊరి మంత్రసాని. రోజూ వచ్చి నాకు నీళ్ళు పోసేది. మంగళవారం రాలేదు. బుధవారం వచ్చి గుమ్మంలోనే చెప్పిందట: "మా కోడలికి నిన్న గుంట పుట్టింది మేస్టారూ. ఇద్దరు గుంటల బొడ్లూ ఒక్క వారంలోనే కోసినాను." ఈ మాట అమ్మ నా ప్రతి పుట్టినరోజుకీ చెప్పేది. మా నాన్న పక్కనే కూర్చుని వినేవాడు. అంటే ఆ మనవరాలు ఆగస్టు ఇరవైన పుట్టింది. నాకంటే మూడు రోజులు చిన్న. నా మొదటి స్నేహితురాలు.

1968 జూన్‌లో మమ్మల్ని బళ్ళో వేశారు. అప్పట్లో కొండ పిల్లల వయసు కట్టే పద్ధతి ఒకటుండేది. కుడి చెయ్యి తలమీదుగా తిప్పి ఎడమ చెవిని అందుకోవాలి. అందితే ఐదేళ్ళు. అందకపోతే మళ్ళీ ఏడాది రమ్మనేవారు. పిల్లలందరూ బడి వసారాలో వరసగా నిలబడ్డారు. నన్ను నిలబెట్టలేదు. నాకు పంచాంగం ఉంది కదా.

నా స్నేహితురాలివి పొడుగు చేతులు. వేళ్ళు చెవి దాటి చెంప మీదికి వచ్చేశాయి. మా నాన్న ఒకసారి చూసి, ఈ జూలైకి ఏడు నిండుతాయని రాసేశాడు. 1-7-1961.

వాళ్ళ నాయనమ్మ అక్కడే ఉంది. "ఏటి మేస్టారూ, ఏడేళ్ళేటి? మీ గుంట కంటే మూడు పొద్దులు సిన్నది కాదేటి?"

"చెయ్యి చూడవే ముసలీ. నువ్వు అబద్ధం చెప్తావు గాని చెయ్యి చెప్పదు."

"మా పాదుకి కాసిన ఆనపకాయ కూడా పొడుగే. దానికీ ఏడేళ్ళు రాసీయండి."

అందరూ నవ్వారు. మా నాన్న కూడా నవ్వాడు. నవ్వుతూనే సిరా అద్దాడు. తెలియక రాసినవాణ్ణి నేను క్షమించగలను. ఆయనకి తెలుసు.

ఆ తేదీ పదమూడేళ్ళు ఎవరికీ అడ్డు రాలేదు. మేం పాచిపెంట వైపు వచ్చేశాం. ఆ పిల్ల ఆశ్రమ పాఠశాలలో పది పాసయి, ఇంటికెళ్ళి కొండచేను చేసుకుంటూ, నాయనమ్మ వెంట పురుళ్ళకి తిరిగింది. 1981లో నర్సు శిక్షణకి పిలిచారు. జూలై ఒకటి నాటికి ఇరవై ఏళ్ళు నిండి ఉండకూడదన్నారు. రిజిస్టరు ప్రకారం ఆమెకి సరిగ్గా ఆ రోజునే ఇరవై నిండుతున్నాయి. ఒక్క రోజు ఎక్కువ. నిజానికి ఆ రోజుకి ఆమె వయసు పదిహేడేళ్ళ పది నెలల పదకొండు రోజులు. ఎవరి రోజు అది? ఏ తల్లీ కనని రోజు. మా నాన్న కలం కన్న రోజు.

జూన్ నెలలో రెండు బస్సులు మారి మా ఇంటికి వచ్చింది. సంచిలో మాకోసం రాగులు, పిప్పళ్ళు తెచ్చింది. అడిగింది ఒక్కటే. చెయ్యి చూసి అంచనాగా వేసిన తేదీ అని మేస్టారు ఒక కాగితం మీద రాసివ్వాలి.

మా నాన్న కళ్ళజోడు తుడుచుకున్నాడు. "రుజువేదమ్మా?"

"రుజువు నేను," అన్నాను. "నా తేదీకి మూడు రోజులు కలుపు నాన్నా."

"నువ్వూరుకో. ఒకర్ది దిద్దితే ఇరవై ముగ్గురివీ దిద్దాలి. అప్పుడు నన్నేమంటారు?"

"తప్పు రాశాడంటారు. రాశావు కదా."

అమ్మ వంటింట్లోంచి "పెద్దవాళ్ళతో ఏటే ఆ మాటలు" అని కసిరింది గాని, నేను చెప్పింది కాదని అనలేదు.

నా స్నేహితురాలు నిలబడే ఉంది. "మేస్టారూ, ఆ రోజు నా సెయ్యి సెవి దాటిపోయింది. ఈ రోజు మీ సెయ్యి సంతకం దాకా రాదేటి?"

ఆయన లేచి లోపలికి వెళ్ళిపోయాడు. నేనే ఒక కాగితం రాసి సంతకం చేసి ఇచ్చాను. ఆఫీసులో దాన్ని చదవకుండానే తిరగ్గొట్టారట. పంతులు సంతకం కావాలన్నారు, పంతులు కూతురిది కాదు. ఆ ఏడాది శిక్షణకి వెళ్ళినవాళ్ళలో ఆమె లేదు. ఇప్పటికీ ఆ కొండల మీద పురుళ్ళు పోస్తూనే ఉంది. ఏ కాగితం మీదా ఆమె పేరు ముందు నర్సు అని లేదు.

కోపం తగ్గిపోయేదేమో, 1984 రాకపోయి ఉంటే. ఆ ఏడాది మా నాన్న సర్వీసు పుస్తకంలో పుట్టినతేదీ అసలు దానికంటే ఏడు నెలలు ముందుగా పడిందని బయటపడింది. అలాగే వదిలేస్తే ఏడు నెలల ముందే రిటైరవ్వాలి. ఇల్లంతా గొల్లుమంది. ఎవడో చూసుకోకుండా రాసిపారేశాడని మా నాన్న అన్నం మానేశాడు. రుజువు అడిగితే, ఊరెళ్ళి మా పెద్దనాయనమ్మ చేత వేలిముద్ర వేయించుకొచ్చాడు. ఊడ్పులు అయిపోయాక పుట్టాడని ఆవిడ చెప్పిన మాటే రుజువు. ఆ ముసలమ్మ మాట చెల్లింది.

అర్జీ నన్ను రాయమన్నాడు. నా చేతిరాత బాగుంటుందని. కాగితం, కలం తెచ్చి నా ముందు పెట్టాడు.

"రుజువేది నాన్నా?" అన్నాను.

ఆయన నా వైపు చూశాడు. నేను కలం ముట్టుకోలేదు. ఆ అర్జీ ఆయనే రాసుకున్నాడు.