ఎదురు బండి కోసం

పనిమీద తుని నుంచి హైటెక్ సిటీకి వెళ్లినప్పుడు, మధ్యాహ్నం కాస్త తీరిక దొరికితే హెరిటేజ్ బండి ఎక్కాను. అద్దాల టవర్ల వెనక మిగిలిపోయిన పల్లె స్టేషన్‌కి సున్నం కొట్టించి, ఆ పాత లైను మీద ఈ చిన్న బండిని నడుపుతున్నారు. ఆ స్టేషన్ రాగానే బండి ఆగింది. ఇక కదల్లేదు. లింగంపల్లిలో నా అసలు రైలుకి టైమవుతోంది.

ప్లాట్‌ఫారం మీద స్టేషన్ మాస్టర్ టోపీ పెట్టుకున్న పెద్దాయన్ని అడిగాను, ఎందుకు ఆపారని.

"క్రాసింగ్ సార్. ఎదురు బండి రావాలె."

"ఈ లైన్లో ఉన్నది ఇదొక్క బండే కదండీ?"

"ఒక్కటే. గని సింగిల్ లైన్ ఉన్నప్పటి సంది ఈడ క్రాసింగ్ కాకుంట ఏ బండీ పోలే. గదే కదా హెరిటేజ్."

"మరి, లేని బండి వచ్చి వెళ్లిందని మీకెలా తెలుస్తుంది?"

"టిఫిన్ డబ్బాలు మూసిన సప్పుడు ఇనవడ్తది."

మళ్లీ బండెక్కి చూస్తే, మెడలో ఆఫీసు కార్డులున్న వాళ్లంతా డబ్బాలు విప్పి, పక్కవాళ్లది ఏ ఊరో అడుగుతున్నారు. నా ఎదుటి సీటావిడ "కూసోండ్రి అన్నా, క్రాసింగ్ పడ్డది" అంటూ తన డబ్బా మూతలో పులిహోర పెట్టి నా చేతికిచ్చింది. చిరాగ్గానే ఒక ముద్ద తిన్నాను. బాగుంది. వాళ్ల ఆడబిడ్డనిచ్చింది మా తునికేనట.

కాసేపటికి ఆవిడది తప్ప డబ్బాలన్నీ టకటకా మూసుకున్నాయి. తలెత్తేసరికి బండంతా నా చేతిలోని మూతకేసి చూస్తోంది. పెద్దాయన మడిచిన పచ్చజెండాతో కిటికీ దగ్గరికి వచ్చాడు. లింగంపల్లి గుర్తొచ్చి గబగబా మింగబోయాను.

"నిమ్మళంగ తినుండ్రి సార్," అన్నాడు. "ఎదురు బండి ఇంక రాలే."