ఏరోడ్రమ్ గారి మొహమాటం

కుక్కుటేశ్వరరావుకి ఎవరితోనైనా "కుదరదండి" అనాలంటే నాలుక మడతపడేది. అలాంటివాణ్ణి తెచ్చి ఏరోడ్రమ్‌కి కాపలా పెట్టారు.

రామచంద్రపురానికి నాలుగు మైళ్ల అవతల, డెబ్బయ్యొకటిలో, నలుగురు రైసుమిల్లు యజమానులు సరదాకి విమానాలు నడుపుకోడానికి వేయించుకున్న సిమెంటు రన్‌వే అది. ఆదివారమైతే రెండు బుల్లి విమానాలు ఎగిరేవి. జనం జీళ్లు కొనుక్కుని మరీ చూసేవారు. తరవాత పెట్రోలు ధర మండిపోయింది. ఒకాయనకి గుండెజబ్బు వచ్చింది, ఇంకొకాయనకి సినిమాహాలు మీద మోజు పుట్టింది. చివరికి విమానాలు పోయి కాపలాదారు మిగిలాడు. ఖాకీ టోపీ, ఎర్రజెండా, పచ్చజెండా, ఊరు పిలిచే "ఏరోడ్రమ్ గారూ" అన్న పిలుపూ మిగిలాయి.

చుట్టుపక్కల అంత ఎండ కాసే చదును నేల ఇంకోటి లేదు.

"ఒక్కపూటేనండి, ధాన్యం ఆరబెట్టుకుంటాం."

"అబ్బే, దానికేముందండి!"

ఆ ఒక్కపూట ఏళ్లు సాగింది. ధాన్యం వెనకాల మిరపకాయలొచ్చాయి, కొబ్బరికాయలొచ్చాయి, ఎవరింటివో మాగాయ ముక్కలు కూడా వచ్చాయి.

ఎనభైరెండు మే నెలలో విమానశాఖ నుంచి ఉత్తరం వచ్చింది. గురువారం పదింటికి తనిఖీ విమానం వస్తుందట. అది దిగితే రన్‌వే ఉంటుంది, దిగకపోతే మూత.

"ఈసారైనా గట్టిగా చెప్పండి. మూసేస్తే మనం తినేదేంటి?" అంది భార్య జగదాంబ.

బుధవారం ఇల్లిల్లూ తిరిగాడు. "రేపు విమానం వస్తోందండి. మీకు ఇబ్బంది లేకపోతేనే సుమండీ... పదింటికల్లా కాస్త..."

"అయ్యో, తప్పకుండానండి. కాఫీ పుచ్చుకుని వెళ్లండి."

ఆ రాత్రి వాన పడింది. తెల్లారేసరికి కొత్తగా కోసిన దాళ్వా, అదే రెండోపంట, ధాన్యమంతా తడిసి రన్‌వే మీదికి వచ్చేసింది, ఈ చివర నుంచి ఆ చివరకి.

"ఏంటమ్మా సత్యలక్ష్మీ ఇది? నిన్న చెప్పానా లేదా?"

కౌలుకి రెండెకరాలు చేసుకునే సత్యలక్ష్మి గింజలు తిరగేస్తూనే ఉంది. "చెప్పారండి. ఇబ్బంది లేకపోతే తియ్యమన్నారు. ఇబ్బందేనండి. మొలకొచ్చేస్తోంది చూడండి."

పక్కవాళ్లని అడిగితే, "ముందు ఆవిడది తియ్యించండి, మేం చిటికెలో తీసేస్తాం" అన్నారు. ఊరి పెద్దమనిషి గున్నేశ్వరరావు గారు గొడుగు కింద నించుని సలహా ఇచ్చారు: "విమానాన్నే ఓ గంట ఆగమని చెప్పకూడదుటండీ?"

అతను జుట్టు పీక్కుంటూ ఉండగానే ఆకాశంలో రొద వినపడింది. విమానం ఓ చుట్టు తిరిగి కిందికి వంగింది. పచ్చజెండా ఊపితే ధాన్యం మీదే దిగినా దిగుతుంది. కానీ దాని గాలికి సత్యలక్ష్మి పంటంతా పక్క బోదె కాలవలోకి కొట్టుకుపోతుంది. ఆవిడ కొంగు బిగించి, చేతులు చాపి, ధాన్యానికి అడ్డంగా నించుంది.

కుక్కుటేశ్వరరావు పచ్చజెండా కింద పడేసి ఎర్రది ఎత్తాడు. "కుదరదండీ! కుదరదు!" అని గొంతు చించుకుని అరిచాడు.

విమానం పైకి లేచి, పడమటికి తిరిగి వెళ్లిపోయింది.

"చూశారా," అన్నారు గున్నేశ్వరరావు గారు, "గట్టిగా చెప్తే ఎవరైనా వింటారు!"

సాయంత్రం జగదాంబ అన్నం కంచం ముందు పెట్టి నుదురు కొట్టుకుంది. "పదకొండేళ్లలో ఒక్కరినైనా కాదన్నారా? కాదన్నది ఒక్కరినే, మనకి అన్నం పెట్టే విమానాన్ని!"