బండి కళ్లు ఎంత తెరవాలి

బండికి కళ్లుండవు. భివండీలో ఆ సాయంత్రం అన్న మాటే ఇప్పుడూ అంటాను. కానీ ఆ మాటకు అడ్డం నిలబడిన పెద్ద మనిషిని తలచుకున్నప్పుడల్లా నాలో కృతజ్ఞత తప్ప మరొకటి లేదు.

మా చెల్లెను అక్కడే, మహారాష్ట్రకు వలసొచ్చిన తెలుగు నేతవాళ్ల పేట పద్మనగర్‌లో ఇచ్చాం. మరమగ్గాలకు నూలు కండెలు చుట్టే పనిలో ఏళ్లు గడిపి, ఇక చాలనుకుని బండి నడపడం నేర్చుకుంది. పాత వ్యాను ఒకటి కొని పిల్లల్ని బడికి దింపుతానంది. బావ ఒప్పుకున్నాడు. బడివాళ్లూ ఒప్పుకున్నారు గానీ ఒక ఫొటో అడిగారు. అందులో బండి నంబరు, పక్కన నిలబడ్డ డ్రైవరు ముఖం స్పష్టంగా ఉండాలి. తల్లిదండ్రులు గుర్తుపట్టడానికి గేటు దగ్గర అంటిస్తారట. మరునాడు పొద్దున ఫొటో రాకపోతే పిల్లల్ని ఇంకో బండికి అప్పగిస్తామన్నారు.

మిగిలింది చెల్లె అత్తగారు. ఆడపిల్ల బండి నడపడం ఆమెకు సుతరామూ ఇష్టం లేదు. చివరికి మెత్తబడి ఒక షరతు పెట్టింది. పూజ చేశాక, బండికి హెడ్‌లైట్లు వెలుగుతుండగానే ఫొటో తీయాలి. లేదంటే బండి గల్లీ దాటదు.

కెమెరా ఉన్న ఫోన్లు మా వాళ్లలోకి అప్పుడప్పుడే వస్తున్నాయి. నా దగ్గర ఒకటి ఉంది కాబట్టి నన్ను పిలిచారు. నేను వెళ్లేసరికి పూజ అయిపోయింది. బానెట్ మీద పసుపు, కుంకుమ. ఎండ తగ్గుతోంది. చెల్లె లైట్లు వేసి బండి పక్కన నిలబడింది. నేను ఎదురుగా నిలబడి నొక్కాను.

ఫోనులో రెండు తెల్లటి ముద్దలు వచ్చాయి. నంబరు పలక వాటిలో కరిగిపోయింది. చెల్లె ముఖం సున్నం పూసినట్టుంది.

"దయ్యాలు లేవని మీటింగులల్ల చెప్తవ్, నన్నే దయ్యం లెక్క తీస్తివి గదా అన్నా," అంది చెల్లె.

లైట్లు ఆర్పమన్నాను. అత్తగారు కదిలి వచ్చి బండి తలుపుకు అడ్డం నిలబడింది.

"కండ్లు మూసుకున్నోళ్ల ఫొటోకు దండేస్తరు కొడుకా. నా కోడలు కూసునే బండికి గట్ల వద్దు."

దిష్టి మీద, ముహూర్తాల మీద సభల్లో గంటలకొద్దీ మాట్లాడినవాణ్ణి. ఊరుకుంటానా? అవి కళ్లు కావనీ, బ్యాటరీతో వెలిగే బల్బులనీ గట్టిగానే చెప్పాను. ఆమె తొణకలేదు. ఉత్త బల్బులే అయితే వాటి ముందు నీ ఫోను ఎందుకు గుడ్డిదైందని అడిగింది. గల్లీలో నవ్వులు. పోనీ, ఇంటికి లైట్లు వేసి ఒకటి, బడికి ఆర్పి ఒకటి తీస్తానన్నాను. బండి పోయేది బడికే కదా, అక్కడే కళ్లు మూయిస్తావా అని దాన్నీ కొట్టేసింది.

వెలుతురు పోతోంది. చీకటి పడితే లైట్ల కాంతి ఇంకా విజృంభిస్తుంది. చెల్లె అత్తను ఏమీ అనలేక నా వైపే చూస్తోంది.

వాదన ఆపి పని మొదలుపెట్టాను. ముందు ఫోను చూశాను. మగ్గాల వాడలో దేని మీదైనా పడేట్టే కెమెరా అద్దం మీదా పత్తి నూగు, నూనె జిడ్డు. కాంతి చుట్టూ వలయం కట్టడానికి అదీ కారణమే. చెల్లె కొంగుతో శుభ్రంగా తుడిచాను. వెలుగు కిందికి వాలేలా లైట్లు డిప్పర్‌లో పెట్టించాను. వెలుగు సూటిగా కెమెరాలో పడకుండా పక్కకు జరిగాను. మళ్లీ తీస్తే ఫొటోలో చెల్లె ముఖం తేరుకుంది. నంబరు మాత్రం సగమే కనిపించింది.

అప్పుడు, ఓడించడానికి కాకుండా నిజంగానే తెలుసుకోవాలని అడిగాను.

"అత్తమ్మా, ఎంత తెరిస్తే తెరిచినట్టు?"

ఆమె బండిని చూసింది, కోడలిని చూసింది.

"దేవుడు పటంల గుడ్లురుముతడా? సగమే తెరుస్తడు. సగం చాలు."

చెల్లె ఒక్క ఉదుటున లోపలికి వంగి హెడ్‌లైట్లు తీసేసి పార్కింగ్ లైట్లు వేసింది. ఒక్కో గాజు వెనక చిన్న బల్బు, పసుపు పచ్చగా, నిమ్మళంగా వెలిగింది. ఆ వెలుగుకూ మిగిలిన పగటి వెలుతురుకూ సరిగ్గా జోడు కుదిరింది. పక్కగా నిలబడి తీశాను. నంబరులో ప్రతి అంకె చదవగలిగాం. అత్తగారు ఫోను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, తలూపింది.

ఎందరితోనో వాదించాను. నా మాటకు మాట తిప్పికొట్టినవాళ్లున్నారు, చొక్కా పట్టుకున్నవాళ్లున్నారు. తన నమ్మకానికి ఎంత చాలునో కొలిచి చెప్పిన మనిషి మాత్రం ఆమె ఒక్కతే. నేను నా మాట వదులుకోలేదు, ఆమె తన మాట వదులుకోలేదు. అయినా పని జరిగింది. సంస్కరణ అంటే అవతలివాళ్లను పడగొట్టడమే అనుకునే మా బోటివాళ్లకు ఇది ఎవరూ నేర్పలేదు.

రాత్రి స్టూడియోలో రెండు ప్రింట్లు తీయించాను. ఒకటి బడికి. ఇంకోటి ఆమె దేవుడి పటాల పక్కన పెట్టుకుంది, నేను కిక్కురుమనలేదు. పొద్దున చెల్లె వ్యాను తీసింది. వరాలా తలావ్ చెరువు దారిలోకి మలుపు తిరిగే దాకా అత్తగారు గడపలోనే నిలబడి, నీళ్లకు పోతున్న పక్కింటామెను ఆపి మరీ చెప్పింది:

"నడిపేది మా కోడలే."